సుబ్బన్న పేరు మీద కథలు చెప్పిన కదిరప్ప

కదిరప్పని ఒకాయన ఉండెనంట మా ఊర్లో. శానా పాతకాలం మనిషి గాదులే, మా నాయన ఈడోడు. సేద్యం చేస్తాడని పేరే గాని, ఆయప్ప చేన్లో చెనిక్కాయ చెట్ల కంటే గరికే ఏపుగా ఉండేదంట. ఎద్దులు ఆయప్ప మాట వినవు, వాన ఆయప్ప మాట వినదు, పెండ్లాం ఆదెమ్మ అసలే వినదు. మనుషులు మాత్రం వింటారు, అది గూడా కథ చెప్తేనే. ఊరికే మాట్లాడితే వాళ్ళూ వినరు. అదే 'ఒక ఊర్లో' అని ఎత్తుకున్నాడనుకో, దావంబడి పోయేవాళ్ళు గూడా తలమీద గంప దించకుండా అట్లే నిలబడిపోతారు. మా కథలోళ్ళ బతుకంతా ఇంతే అనుకో. ఇంగ దేనికీ పనికిరామని తేలినాంకనే ఈ పనికి వస్తాం. నన్ను చూసి నగొద్దండమ్మా, నేను కదిరప్ప సంగతి చెప్తాండా.

ఎండాకాలం ముగిసేకాడికి ఇత్తనం చెనిక్కాయలు వొలిచే పని వస్తాది గదా. కాయలన్నీ కొట్టంలో కుప్పపోసి, ఆడోళ్ళు మొగోళ్ళు చుట్టూ కూచొని వొలుస్తాంటే, ఆ ఇంటాయనకి ఒకటే దిగులు. ఏందంటే, వొలిచేవాళ్ళు ఒక గింజ చాటలో ఏస్తే ఒక గింజ నోట్లో ఏసుకుంటారు. ఇత్తనం సగం భూమిలోకి పోకముందే కడుపుల్లోకి పోతాది. వద్దని ఎట్ల అంటాడు, పనికొచ్చినోళ్ళని నోరు కట్టుకోమంటాడా. దానికి మందు కదిరప్ప. ఆయప్పని పిలిపించి గోడకానుకొని కూచోబెడితే చాలు, కథ మొదలుపెడ్తానే అందరి నోళ్ళు తెరుచుకొని అట్లే ఉండిపోతాయి. గింజ ఏసుకునేది మర్చిపోతారు. చేతులు మాత్రం వాటిపాటికవి ఆడ్తాంటాయి. అందుకని ఆ దినాల్లో ప్రతి ఇంట్లోనుంచీ ఆయప్పకి పిలుపే. ఆయప్ప అదంతా తన గొప్ప అనుకుంటాండె. ఇత్తనం మిగులుతాదని పిలుస్తారప్పా అని ఆయప్పకి ఎవరూ చెప్పలే. ఆదెమ్మ చెప్పింది గాని, పెండ్లాం చెప్తే చెప్పినట్ల కాదు గదా.

ఆయప్ప చెప్పే కథలన్నిట్లో ఒక తిక్కోడు ఉంటాడు. వాని పేరు సుబ్బన్న. కథ మారినా వాని పేరు మారదు. రాజుకి పేరు ఉండదు, మంత్రికి పేరు ఉండదు, పూటకూళ్ళవ్వకి పేరు ఉండదు. మా ఊర్లో రాజెవుడు ఉండాడు కోపం చేసుకోను, పేరు పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. తిక్కోనికి మాత్రం పేరు ఉండాల. పేరు లేని తిక్కోడు నగించడు. అయితే ఇన్ని పేర్లుండంగా ఆ సుబ్బన్నే ఏమిటికని ఆదెమ్మ ఒకసారి అడిగిందంట. దానికి ఈయప్ప, మ్మే, కథ చెప్పేటప్పుడు పేరు కోసరం తడుముకోకూడదు, ఊపిరి వచ్చినట్ల రావాల, సుబ్బన్న అంటానే వాళ్ళ కండ్ల ముందర ఒక మనిషి నిలబడిపోతాడు, వాడు పంచ ఎట్ల కట్టినాడు, ఎట్ల నడుస్తాడు అని నేను చెప్పే పనిలేదు, సగం కథ ఆ పేరే చెప్పేస్తాది అన్నాడంట. అట్లయితే మిగిలిన సగానికి పొద్దస్తమానం ఏమిటికి కూచుంటావు, తొందరగా చెప్పేసి ఇంటికి రా, ఎద్దులు నీళ్ళకి అరుస్తాండాయి అనిందంట ఆయమ్మ.

ఆ కాలంలో మా ఊర్లో సుబ్బన్నలకి కరువా. సుబ్బరాయుని పుట్టకాడ పాలు పోసి మొక్కుకొని కన్నోళ్ళంతా మొగబిడ్డ పుడితే సుబ్బన్నే అనిరి. మగ్గం సుబ్బన్న, బెల్లం సుబ్బన్న, గడ్డం సుబ్బన్న, గొర్ల సుబ్బన్న, ఇంగా ఉండారు, నాకు యాదికి రారు. వీధిలో నిలబడి 'సుబ్బన్నా' అని ఎవురన్నా కేకేస్తే ఇంటికొక తల బయటికొచ్చేది. కదిరప్ప కథ చెప్పేకాడ గూడా వాళ్ళుంటారు గదా. వాళ్ళకి కోపం రాదా అంటే రాదు. ఎందుకంటే మగ్గం సుబ్బన్న, ఇది బెల్లమోని సంగతే, వాడు ఇట్లాంటి పనులే చేస్తాడు అనుకుంటాడు. బెల్లమాయన గడ్డమాయన పక్క చూసి నగుతాడు. గడ్డమాయన గొర్లాయన పక్క చూస్తాడు. గొర్ల సుబ్బన్న పాపం ఎవరి పక్కా చూడడు, అందరితో పాటు నగుతాడు. ఒక్క పేరుని అంతమంది మోస్తాంటే ఎవరికీ బరువు తెలీలే.

ఆ కథల్లో బాగా పేరుపోయింది దిష్టిబొమ్మ కథ. అది మీకు చెప్పకుంటే ముందర సంగతి అర్థం కాదు, కొంచెం చెప్తా. సుబ్బన్న చేన్లో పిట్టలు పడి కంకులన్నీ తింటాండాయంట. రెండు కట్టెలు అడ్డం నిలువు కట్టి బొమ్మ చేసినాడు. దానికి తొడగను పాత చొక్కా లేదు, ఉండేది ఒక్కటే చొక్కా, పండగకి కుట్టించుకునింది. సరేలేయని అది విప్పి బొమ్మకి తొడిగినాడు. తొడిగి దూరంగా పోయి చూసినాడు. బొమ్మ బలే ఉంది, తనకంటే అందంగా ఉంది. ఇంగ వానికి కడుపుమంట పట్టుకునింది. నేను కష్టపడి దున్నితి, ఇత్తితి, వీడు నిన్న పుట్టి నా చొక్కా ఏసుకొని ఆసామి మాదిరి నిలబడతాడా అని, వాడు గూడా ఆ బొమ్మ పక్కన చేతులు చాపి నిలబడినాడంట, ఎవరు ఆసామో పిట్టలే తేల్చనీలే అని. అప్పుడు పెండ్లాం సంగటి ముద్ద ఎత్తుకొని వచ్చింది. దూరం నుంచి చూస్తే చొక్కా ఏసుకొని ఒకటి, ఒట్టి మేనితో ఒకటి. ఆయమ్మకి గుర్తుండేది చొక్కానే. పోయి బొమ్మ ముందర సంగటి పెట్టి, తిని గిన్నె కడిగి తీసుకరా అని చెప్పి పాయె. వీడు నోరు తెరిస్తే దిష్టిబొమ్మ మాట్లాడినట్ల అయితాదని గమ్మున ఉండిపోయినాడు. సంగటి కాకులు తినిపాయె. ఇదీ కథ. కదిరప్ప లేచి నిలబడి చేతులు చాపి ఆ బొమ్మ మాదిరి చేసి చూపిస్తాంటే కొట్టం కొట్టమంతా కడుపులు పట్టుకునేదంట. ఈ కథ మా ఊరు దాటి, కొండ దాటి, అవతలి ఊర్లకి గూడా పోయింది. చుట్టాలింటికి పోయినోళ్ళు మోసుకపోయినారు.

ఇట్లుండంగా ఏమైందంటే, సుబ్బన్నలు తగ్గిపోబట్టిరి. మగ్గం సుబ్బన్న జరమొచ్చి చచ్చిపాయె. బెల్లం సుబ్బన్న వానల్లేక బెంగుళూరికి, ఇండ్లు కట్టే పనికి పెండ్లాం బిడ్డల్తో ఎళ్ళిపాయె. గడ్డమాయన ఒక సామి కాడ మాల ఏసుకొని సుబ్రమణ్యం సామి అయిపోయినాడు, సుబ్బన్నా అని పిలిస్తే పలికేది లేదు, గోడని పిలిచినట్లే. మిగిలినోళ్ళు గూడా ఒకరు అత్తగారూరికి, ఒకరు కాటికి. కొత్తగా పుట్టినోళ్ళకి ఆ పేరు ఎవరూ పెట్టలే, అప్పటికే పేర్లు మారిపోయినాయి. కదిరప్ప ఇవేవీ పట్టించుకోలే. ఊర్లో మనుషులు చచ్చినా పోయినా మా కథలోళ్ళకి ఏం తెలుస్తాది, కథలో సుబ్బన్న బాగున్నాడు గదా, చాలు. ఒకదినం మధ్యాన్నం కొట్టంలో కథ మొదలుపెట్టి, 'సుబ్బన్నని ఒకడుండె' అనంగానే, కూచున్నోళ్ళంతా ఒక్కపక్కకి తల తిప్పినారంట. ఆపక్క గొర్ల సుబ్బన్న కూచోని ఉండాడు. సుబ్బన్న గూడా, ఎవుర్ని చూస్తాండారబ్బా అని తన తల వెనక్కి తిప్పి చూసినాడు. వెనక గోడ తప్ప ఏం లేదు.

ఈ గొర్ల సుబ్బన్న ఎట్లాంటోడంటే, మనుషుల్తో కంటే గొర్లతోనే ఎక్కువ మాట్లాడేటోడు. ఒకర్ని ఒక మాట అనడు, ఒకరి చేన్లో గొర్రె పడనీడు. పెండ్లాం పోయి శానా కాలమైంది, కొడుకు మల్లేసుని తనే సాకి పెద్ద చేసినాడు. ఆ దినం నుంచి ఆయప్ప దావంట పోతాంటే, చొక్కా యాడ సుబ్బన్నా అని ఒకరు, సంగటి తింటివా కాకులు తినెనా అని ఒకరు. ఆయప్ప నగి ఊరుకుండె. మొదట్లో నిజంగానే నగినాడు. తర్వాత పండ్లు మాత్రం కనపడేవి. కథ చెప్పేకాడికి వచ్చేది మానుకున్నాడు. కదిరప్ప, ఏమబ్బా సుబ్బన్న కనపడ్డం లేదే అని ఒకసారి అడిగినాడు. గొర్లకి గాలి సోకిందంట అని ఎవురో అన్నారు. సరేలే అని కథ ఎత్తుకున్నాడు.

మల్లేసుకి పెండ్లి చేయాలని కొండవతలి ఊర్లో ఒక పిల్లని చూసినారు. గుర్రప్పని ఒక ఆసామి కూతురు. పిల్లోడు ఆ పిల్లని తిరునాళ్ళలో చూసి ఇష్టపడినాడు, ఆ పిల్లా సరేననింది. గుర్రప్పకి గూడా సమ్మతమే, ఇంగ ఇల్లు వాకిలి చూసిపోదామని ఒకదినం వచ్చినాడు. ఊరి మొదట్లో కూచున్నోళ్ళని, అబ్బీ, సుబ్బన్న ఇల్లు యాడొస్తాది అని అడిగినాడు. వాళ్ళు నగినారు. ఏమబ్బా నగుతారు అంటే, ఏం లేదు మామా, నేరుగా పో, రెండు దిష్టిబొమ్మలు కనపడ్తాయి, చొక్కా లేనిది మీ వియ్యంకుడు అన్నారంట. గుర్రప్పకి ఆ కథ తెలుసు, వాళ్ళూర్లో చిన్నపిల్లోళ్ళకి గూడా తెలుసు. అయినా కథ కథే గదా అనుకుంటా వచ్చినాడు. ఈడ చూడండి కర్మ. వియ్యంకుడు వస్తాడని గొర్ల సుబ్బన్న తెల్లారి లేచి ఉండే ఒక్క మంచి చొక్కా ఉతికినాడు. తొందరగా ఆరాలని వాకిట్లో గుంజకి అడ్డకట్టె కట్టి దానికి తొడిగినాడు. గుర్రప్ప ఇంత పొద్దున్నే వస్తాడనుకోలే. చొక్కా గాలికి పడిపోతాదేమో అని దాని పక్కనే, ఒట్టి మేనితో, ఒక చెయ్యి చాపి పట్టుకొని నిలబడి ఉండాడు.

గుర్రప్ప వాకిలి కాడ నిలబడి చూసినాడు. చొక్కాని చూసినాడు, మనిషిని చూసినాడు. వెనక్కి తిరిగి వచ్చిన దావనే పాయె. సుబ్బన్న వెంటబడి, రాప్పా, కూచో, మజ్జిగ తాగిపో అని పిలిచినా తిరిగి చూడలే. సాయంత్రానికి కబురొచ్చింది, కథలకెక్కిన ఇంటికి మా పిల్లని ఇయ్యమని. మల్లేసు ఆ మాట విని సంగటి ముట్టకుండా లేచి గొర్లు తోలుకొని కొండెక్కినాడు. తండ్రితో మాట్లాడ్డం మానుకున్నాడు.

అప్పుడు సుబ్బన్న కదిరప్ప ఇంటికొచ్చినాడు. కదిరప్ప అరుగు మీద కూచొని కొత్త కథ ఒకటి నోట్లో నెమరేసుకుంటాండాడు. ఈయప్ప వచ్చి కింద కూచున్నాడు. తిడతాడేమో, కొడతాడేమో అని ఆదెమ్మ లోపల్నుంచి తొంగి చూసింది. తిట్టలే. జరిగిందంతా నిదానంగా చెప్పినాడు, చొక్కా ఆరేసింది, గుర్రప్ప వచ్చింది, మల్లేసు అన్నం మానింది. చెప్పి, తల ఎత్తకుండా ఒక మాట అడిగినాడు.

"అన్నా, ఇన్ని కథలు చెప్తివి. ఒక్కదాంట్లోనన్నా సుబ్బన్న తెలివైనోడు కాకూడదా?"

అది నువ్వు కాదు సుబ్బన్నా, ఆ పేరుతో ఎవరూ లేరు, ఊరికే నోటికొచ్చిన పేరు అన్నాడు కదిరప్ప. నోటికి ఊరికే వచ్చే పేరు నాదే ఏమిటికయ్యింది అన్నాడు సుబ్బన్న. లేచి పాయె. ఆ మధ్యాన్నం ఆదెమ్మ సంగటి పెడితే కదిరప్ప ముద్దని అటూ ఇటూ దొర్లిస్తా కూచున్నాడంట. నువ్వు చేసిన పనికి నంజుకునే ఊరిబిండి గూడా వొద్దు నీకు అని ఆయమ్మ గిన్నె ఎత్తుకపోయింది.

మర్నాడు కొట్టంలో కూచోని, సరే, సుబ్బన్నని తెలివైనోన్ని చేస్తా అనుకున్నాడు. సుబ్బన్న రాజుగారి కొలువుకి పోయి, పండితులు విప్పలేని చిక్కు విప్పినాడు అని మొదలుపెట్టినాడు. జనం నగబట్టిరి. రాజు మెచ్చి శాలువ కప్పినాడు అంటే ఇంగా నగిరి. కాదప్పా, నిజంగానే తెలివైనోడు, వినండి అని ఈయప్ప బతిమాలితే, ఒక ముసలామె కండ్లు తుడుచుకుంటా, అబ్బో కదిరప్పా, దిష్టిబొమ్మ కంటే ఇదే బాగుండాది, సుబ్బన్న తెలివైనోడంట, యాడ దొరుకుతాయి నీకీ మాటలు అనిందంట. ఆ దినం ఊరంతా ఆ కథే. గొర్ల సుబ్బన్న దావంట పోతే, శాలువ యాడ సామీ అన్నారు.

అయితే పేరే మార్చాలనుకున్నాడు. ఈ చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు కావాల. శానాసేపు ఎతికి, హేమాంగదుడు అనే పేరు పట్టుకొచ్చినాడు. యాడ పట్టినాడో ఆ పుణ్యాత్ముడు. 'హేమాంగదుడు అని ఒక తిక్కోడుండె' అన్నాడు. కొట్టం గమ్మున అయిపాయె. ఎవరప్పా వాడు అని ఒకామె. యా ఊరోడు అని ఇంగొకామె. ఆ పేరుకి మనం ఏం పిల్చాల, హేమా అనాల్నా, దుడా అనాల్నా అని ఒకాయన. మనోళ్ళేనా, బాపనోళ్ళా అని ఇంగొకాయన. ఈయప్ప వానికి ఊరు చెప్పి, ఇల్లు చెప్పి, తల్లిదండ్రుల్ని చెప్పి, కథలోకి వచ్చేకాడికి అందరూ గింజలు నమలబట్టిరి. కరకరకరమని ఒకటే శబ్దం. ఇంటాయన తొంగిచూసి, కదిరప్పా, ఆ దొర మా ఇత్తనమంతా తినిపిస్తాండాడు, వాన్ని పంపించెయ్ అన్నాడంట.

సరే పేరే లేకుండా చెప్తా అనుకున్నాడు. 'ఒకడు' అన్నాడు. ఒకడు ఎద్దుని కొట్టబోయి తన కాలు కొట్టుకున్నాడు, ఒకడు పెండ్లానికి భయపడి అటక మీద దాంకున్నాడు, ఇట్ల. మొదట బాగానే విన్నారు. కొంచెంసేపటికి ఒకాయన లేచి, ఎద్దు సంగతి నీకెవరు చెప్పిరి, మా ఇంట్లో జరిగింది ఊర్లో చెప్తావా అని కొట్లాటకొచ్చినాడు. అటక మీద దాంకున్నాయన ఇంగొకాయన అంట, ఆయన పెండ్లాం ఆ కొట్టంలోనే ఉండాది, ఆయమ్మ మొగుని పక్క చూసి, నువ్వు చెప్పినావా అనింది. చూసినారా, పేరు పెడితే ఒకడే కోపం చేసుకుంటాడు, పేరు తీసేస్తే ఊరంతా తమదే అనుకుంటారు. ఆ దినం కథ సగంలోనే కదిరప్ప వెనక వాకిలి గుండా ఇంటికి పోవాల్సొచ్చింది. ఆయప్ప ఆ పాటికి నలిగిపోయినాడు. ఏ పేరు నోట్లో పెట్టుకున్నా, ఆ పేరుగల మనిషి వచ్చి గొంతులో నిలబడ్తాండాడు. ఇన్నాళ్ళూ పేర్లు గాల్లో విసురుతాండా అనుకున్నాడు గాని, ఎవరికో ఒకరికి తగుల్తాండాయని తెలీలే.

ఇట్ల దినాలు పోతాంటే, కొండవతల గుర్రప్ప ఇంట్లోనే ఇత్తనాలు వొలిచే పని మొదలయ్యిందని తెలిసింది. కదిరప్ప ఎవరికీ చెప్పలే, ఆదెమ్మకి గూడా చెప్పలే. పై గుడ్డ భుజానేసుకొని కొండెక్కి దిగినాడు. దావ పొడుగునా కథ గొణుక్కుంటా పోయినాడు, గొణుక్కున్న ప్రతిసారీ నాలిక సుబ్బన్న అనే అంటాండాది. దాన్ని కరుచుకుంటా పోయినాడు. గుర్రప్ప వాకిట్లో దిగేకాడికి, కదిరప్ప వచ్చినాడంట అని వీధి వీధంతా చేరింది. అంత పేరు ఆయప్పకి. గుర్రప్ప మంచమేసి కూచోబెట్టి, దిష్టిబొమ్మ కథ నీ నోట వినాలని మాకు శానా ఆశగా ఉంది అన్నాడు. ఆ పిల్ల, మల్లేసు చూసుకున్న పిల్ల, మూలకి కూచొని తల వొంచుకొని గింజలు వొలుస్తాండాది. మిగిలినోళ్ళంతా నగను సిద్ధంగా ఉంటే, ఆ పిల్లొక్కటే కండ్లు తుడుచుకుంటాండాది. ఆ కండ్లు చూసినాంక ఆయప్పకి నాలిక దానంతటదే సరైందంట.

"కదిరప్పని ఒక తిక్కోడుండె," అని మొదలుపెట్టినాడు.

కథంతా అదే కథ. చొక్కా కదిరప్పది, చేను కదిరప్పది, చేతులు చాపి నిలబడింది కదిరప్ప. వాళ్ళు నగినారు గాని, మధ్యలో గుర్రప్ప చెయ్యెత్తి ఆపినాడు. అది గొర్ల సుబ్బన్న సంగతి గదా, నా కండ్లారా చూసొస్తి అన్నాడు. ఆ కథ ఎవరికీ జరగలే, ఎద్దుల వెనక నడుస్తా కదిరప్పే అల్లినాడు, అది ఆయప్పకి తెలుసు. అల్లింది అని చెప్తే వాళ్ళు నమ్మరు, జనం కథనన్నా నమ్ముతారు గాని కథ అని చెప్తే నమ్మరు. అందుకని అన్నాడు:

"లేదప్పా. ఆ తిక్కపని చేసింది నేను. నా పేరు చెప్పుకోను సిగ్గయ్యి, ఏమన్నా కోపం చేసుకోని మనిషిని చూసి ఆయప్ప పేరు పెట్టినాను. ఆయప్ప ఆ దినం చొక్కా ఉతికి ఆరేసుకుంటాండె, నీకు మర్యాదగా కనపడాలని. నువ్వు మజ్జిగ గూడా తాగకుండా వచ్చేస్తివి."

గుర్రప్ప ఈయప్పని కిందినుంచి పైకి చూసినాడు. మాసిన పంచ, వంకర నడుం, తలకి చుట్టిన గుడ్డ ఒక చెవి మీదికి జారి ఉండాది. అవునవును, నువ్వే, చూస్తానే తెలుస్తాంది, నేను ముందరే అనుకుంటి అన్నాడు. అనంగానే వాకిలంతా నగు. ఆ నగు కదిరప్ప ఎప్పుడూ వినలే అంట. సుబ్బన్న పేరు చెప్తే కడుపులు పట్టుకుంటాండ్రి, కదిరప్ప అంటే నేల మీద పడి దొర్లిరి. ఎందుకంటే తిక్కోడు ఎదురుగానే కూచోనుండాడు, ఊహించుకునే పనిలేదు. కదిరప్పకి లోపల ఏదో పొడిచినట్లయ్యింది, దాంతోపాటే ఒళ్ళు పులకరించింది గూడా. రెండోది చెప్పుకోను ఆయప్పకి సిగ్గు. మా వాళ్ళకందరికీ ఉండే జబ్బే అది.

వారం తిరక్కుండానే గుర్రప్ప వచ్చి మజ్జిగ తాగినాడు, సంబంధం ఖాయం చేసుకున్నాడు. మల్లేసు కొండ దిగొచ్చి తండ్రితో కూచొని తిన్నాడు. పెండ్లి బాగా జరిగింది. పిల్ల తరఫోళ్ళంతా వచ్చి పెండ్లికొడుకుని చూసినారో లేదో గాని, ఆ కదిరప్ప ఎవురు, చూపించండి అని ఎగబడి చూసినారు. బంతిలో కూచుంటే వడ్డించే ఆయన ఆగి, అన్నం నీకేయాల్నా చొక్కాకేయాల్నా అన్నాడు. కదిరప్ప నగినాడు. మొదట నిజంగానే నగినాడు. గొర్ల సుబ్బన్న పక్కన్నే కూచోని ఉండాడు, ఆయప్ప నగలే. తన ఆకులోని వడ తీసి కదిరప్ప ఆకులో పెట్టినాడు.

అయితే ఒకటి మర్చిపోయినాడు కదిరప్ప. ఏమైందంటే, పెండ్లినుంచి ఇంటికొచ్చినాంక ఆదెమ్మ నడుం మీద చెయ్యేసుకొని నిలబడింది. నువ్వు తిక్కోనివైతివి, బాగుంది, అది నాకు ముందునుంచీ తెలుసు అనింది. ఆ కథలో ఇంగొకామె ఉండాది గదా, మొగుడెవరో బొమ్మెవరో తెలీక సంగటి పెట్టొచ్చిన ఆమె, ఆమె ఎవురు అనింది. కదిరప్ప కథ మొత్తం మార్చినాడు గాని, పెండ్లాం సంగతి తలపుకే రాలే. పెండ్లిలో ఆడోళ్ళంతా నన్ను చూసి గుసగుసలాడితే చీర బాగుందేమో అనుకుంటి అనింది ఆయమ్మ. అని ఊరుకోలే. మర్నాడు మధ్యాన్నం కదిరప్ప కాళ్ళు కడుక్కొని వచ్చి కూచుంటే, ఆయమ్మ సంగటి గిన్నె తెచ్చి, గోడకి చిలక్కొయ్యకి తగిలించి ఉండే చొక్కా ముందర పెట్టి, తినప్పా అని చెప్పి ఎళ్ళిపాయె. కదిరప్ప పోయి చొక్కా కింద కూచొని తిన్నాడు. ఇట్ల శానా దినాలు జరిగింది. తర్వాత ఆయమ్మే అలిసిపోయి మానుకునింది.

ఇంగ అప్పట్నుంచి ఎక్కడ కథ చెప్పినా తిక్కోని పేరు కదిరప్పే. జనం వేరే పేరు ఒప్పుకోరు. పిలుపులు రెండింతలైనాయి. ఊర్లో ఏదన్నా తిక్కపని జరిగితే, కదిరప్ప పని చేసినావే అనడం మొదలైంది. పంచాయితీలో ఈయప్ప ఒక మాట చెప్పబోతే, కూచో కదిరప్పా, కథ తర్వాత అనేటోళ్ళు. ఎద్దులు అమ్మను పోతే, ఈ ఎద్దుల్లో ఒకటి బొమ్మ కాదు గదా అని బేరగాళ్ళు తడిమి చూసేటోళ్ళు. ఆయప్ప నగేవాడు. గొర్ల సుబ్బన్నకి ఎట్లుండెనో ఇప్పుడు బాగా తెలిసొచ్చింది అని ఆదెమ్మతో ఒకసారి అన్నాడంట. ఆయమ్మ ఊరిబిండి ఇంగొంచెం ఏసింది.

ఆయప్పకి ఒక్కతే కూతురు, అలివేలు. ధర్మవరం పక్క ఇచ్చినారు. ఆయమ్మకి మొదటి మొగబిడ్డ పుడితే అత్తగారి పక్క తాత పేరు పెట్టినారు, అది వరస. రెండో మొగబిడ్డ పుట్టినాడు, ఇంగ ఈ తాత పేరు పెట్టాల. కదిరప్ప కొత్త పంచ కట్టుకొని, ఆదెమ్మని తోడుకొని, బిడ్డకి వెండి మొలతాడు తీసుకొని బస్సెక్కినాడు. బస్సులో పక్కన కూచున్నోనికి గూడా చెప్పినాడంట, నా పేరు పెడ్తాండారు మనవడికి అని. ఏం పేరు అని వాడడిగినాడు. కదిరప్ప అన్నాడు. వాడు నగినాడు. కథ ఆ పక్కకి గూడా పోయింది.

పేరు పెట్టేముందర అలివేలు తండ్రిని పక్కకి పిలిచింది. బిడ్డని ఎత్తుకొని, కండ్లలోకి చూడకుండా మాట్లాడింది. నాయనా, నీ పేరు పెట్టాలనే మాకుండె, ఆయన గూడా సరే అన్నాడు, అయితే రేపు బడికి పోతే పిల్లోళ్ళు ఊరుకుంటారా, ఎంత పెద్దోడైనా ఎవురో ఒకరు చొక్కా యాడ అంటారు, నాకు భయమేస్తాంది నాయనా అనింది. అందుకని ఋత్విక్ అని పెడ్తాండాం అనింది. కదిరప్ప తలూపినాడు. నువ్వు చెప్పింది బాగానే ఉంది పాపా అన్నాడు. ఆ పేరు ఇంగొకసారి చెప్పు అన్నాడు. ఋత్విక్. రుత్తీకు అన్నాడు ఈయప్ప. కాదు నాయనా, ఋత్విక్. రుచ్చుక్కు అన్నాడు. ఎన్నిసార్లు తిప్పినా నాలిక తిరగలే, ఇన్ని వేల మాటలు ఆడిన నాలిక. పోనీలే, నువ్వే చెవిలో చెప్పమ్మా, పెద్దోని లెక్కకి నేను పక్కన నిలబడ్తా అన్నాడు. కాదు, తాతే చెప్పాల అని అందరూ పట్టుబట్టిరి.

సరేనని బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. వానికి అప్పటికే అయిదో నెల, కండ్లు గుండ్రంగా తెరిచి తాత మీసాలు చూస్తాండాడు. కదిరప్ప వొంగి, ఎవరికీ వినపడకుండా చెవిలో ఏదో అన్నాడు. అనంగానే ఆ బిడ్డ బోసినోరు తెరిచి కిలకిలా నగినాడు. నగి నగి కాళ్ళు తన్నుకున్నాడు. అందరూ సంబరపడిరి, పేరు వానికి నచ్చిందబ్బా అని. కదిరప్ప మాత్రం తల ఎత్తడానికి కొంచెంసేపు పట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆదెమ్మ అడిగిందంట, ఆ రుచ్చుక్కు నీకు నోరు తిరగదు గదా, ఏం చెప్పినావు వాని చెవిలో అని. ఈయప్ప కిటికీ పక్క చూస్తా, నా పేరే చెప్పినా మ్మే, ఒక్కసారన్నా పిలుచుకుందామని అన్నాడంట. అయితే వాడు గూడా నగినాడు అన్నాడంట.

ఇదీ కదిరప్ప సంగతి. ఆయప్ప బాధపడినాడా అంటే, పడినాడు, ఎందుకు పడడు. అయితే అది మొత్తం బాధే అనుకోవద్దు. అంత చిన్నబిడ్డ, ఇంగా కూచోను గూడా రానోడు, నా ఒక్క మాటకే నగె చూసినావా అని ఆ దినం బస్సు దిగేకాడి నుంచి కనపడినోళ్ళందరికీ చెప్పుకుంటా పోయినాడంట. అంతకంటే సిగ్గులేని జాతి ఇంగొకటి లేదమ్మా మాది. పేరు పోయినా తెలీదు, ఎదుటోడు నగితే చాలు. లేయండి ఇంగ, పొద్దుగూకుతాంది, మీ ఇండ్లల్లో పొయ్యిలు నా కథ వినవు.